ఈల ముందా, వెనకా

పిల్నమ్ పుట్టినప్పుడు ఇంట్లో ఎవరూ సంబరపడలేదు. అప్పటికే ముగ్గురు ఆడపిల్లలు. 'ఈసారి మగపిల్లాడు పుట్టి తీరాలి' అని అర్థం వచ్చే పేరొకటి నాలుగో పిల్లకు తగిలించి, తాత తన పడవ దగ్గరికి వెళ్లిపోయాడట. తర్వాత నిజంగానే తమ్ముడు పుట్టాడు. పేరు పనిచేసిందని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు. ఆ నవ్వులో తనకు వాటా లేదని పిల్నమ్‌కు చిన్నప్పుడే తెలిసిపోయింది. బడికి పంపినా పంపకపోయినా అడగలేదు, పెళ్లిచూపుల్లో పిల్లాడు నచ్చాడా అంటే తల వంచుకుంది. తన నోటి మాట కోసం నలుగురు పెద్దమనుషులు ఎదురుచూస్తారని, చెప్పింది రాసుకుని మళ్లీ తనకే చదివి వినిపించి తప్పు పడతారని అరవై దాటేదాకా ఆమెకు తట్టనే లేదు.

సోమిపో రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్లు వరసగా ఉంటాయి. ఆకులు రాలే రోజుల్లో పని మొదలైతే మళ్లీ ఎండలు ముదిరేదాకా ఊళ్లో ఆడవాళ్లంతా పొడవాటి బల్లలకు అటూ ఇటూ నిలబడే ఉంటారు. కాళ్లకు రబ్బరు బూట్లు, నడుముకు రబ్బరు గుడ్డ, తలకు పూల తువ్వాలు, చేతిలో కొక్కెం లాంటి పొట్టి కత్తి. ఎడమచేత్తో చిప్పను తిప్పి పట్టి, కీలు దగ్గర ఒక్క పోటు పొడిచి, మూత లేపి, లోపలి మెత్తటి కండ చిరగకుండా గిన్నెలోకి జార్చాలి. పొద్దున్న ఎలా ఒలిచిందో పొద్దుగూకేటప్పుడూ అలాగే ఒలిచేది పిల్నమ్. నిలకడైన చెయ్యి అని షెడ్డంతా అనేవాళ్లు. జీవితంలో ఆమెకు వచ్చిన మెప్పు అదొక్కటే కాబట్టి ఎవరన్నా అంటే విననట్టు నటించి, ఇంకోసారి అంటారేమోనని చెవి అటే పెట్టేది.

ఆ బల్ల దగ్గర మాటలన్నీ దల్సున్‌వి. పిల్నమ్ కంటే రెండేళ్లు చిన్నది, పొట్టి మనిషి, ఎప్పుడో మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. చేతికంటే నోరు వేగం. తన పెళ్లి ఎలా కుదిరిందో వారానికోసారైనా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అది కొత్త పెళ్లే.

"మొన్న లాంచీలో కలిశాడన్నావు. ఇవాళ సంతలో అంటున్నావేమే?" అని ఎదురు బల్ల ఆవిడ పట్టుకునేది.

"నీకు లాంచీ కావాలా? అయితే లాంచీలోనే అనుకో."

"వాన పడుతోందన్నావు కూడాను."

"అబ్బ, నీతో చచ్చే చావు! పడిందేమో పడలేదేమో. తడిసిపోయానని మాత్రం బాగా గుర్తు!"

బల్లంతా గొల్లుమనేది. ఏ కథలోనైనా చివరికి అతను ఆమె చేతిలో ఉడికించిన చిలకడదుంప పెట్టి, ఏమీ మాట్లాడకుండా పారిపోతాడు. అదొక్కటి మారేది కాదు. తక్కినవెలా ఉన్నా ఎవరికీ పట్టేది కాదు.

జనవరిలో ఒకరోజు, చలి వేళ్లు కొరికేస్తోంది. మధ్యలో కాసేపు పని ఆపారు. దల్సున్ చేతి తొడుగులు విప్పి బల్ల మీద కొట్టింది.

"అక్కా, వేడినీళ్లు తెస్తా. నువ్వు కాఫీ పొట్లాలు చింపి ఉంచు."

వేడినీళ్ల బాయిలరు షెడ్డుకు అవతల, రేవు అంచున ఉంది. అక్కడికి పోవాలంటే పడవల్లోంచి చిప్పల బస్తాలు దించే క్రేను కిందనుంచే దారి. బస్తా లేపే ముందు క్రేను మేస్త్రీ ఈల వెయ్యాలి, ఈల వినబడితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. మేస్త్రీ పేరు తక్. యాభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు, పండక్కి అందరికీ నారింజలు పంచేవాడు. ఈల ఎప్పుడూ అతని పెదాల మధ్యే ఉండేది, సిగరెట్టు మానేశాక అలవాటైందని చెప్పుకునేవాడు.

పిల్నమ్ రెండు కాగితం కప్పుల్లో పొడి పోసి, వాటిని పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దల్సున్ కెటిల్ ఊపుకుంటూ నడుస్తోంది. పైన వల బస్తా కొక్కెంలోంచి జారింది. ఆ చప్పుడులో వింతేమీ లేదు, బస్తాలు రోజంతా పడుతూనే ఉంటాయి. చప్పుడయ్యాక ఈల మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. క్రేను గదిలో తక్ రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. నోట్లో ఈల అలాగే ఉంది.

ఆసుపత్రికి చేరేలోపే దల్సున్ పోయింది.

ఆ మధ్యాహ్నమే పోలీసులు వచ్చారు. పిల్నమ్ నడుముకు రబ్బరు గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఆమెను ఆఫీసు గదిలో హీటరు దగ్గర కూర్చోబెట్టి ఒక కుర్ర పోలీసు మర్యాదగానే అడిగాడు.

"ఈల వినిపించిందా అమ్మా?"

"వినిపించింది."

"అంటే మేస్త్రీ ఈల వేశాడు."

"వేశాడు."

"ఆవిడ ముఖం చూశారా?"

"వెనకనుంచే నాయనా. వీపే కనబడింది."

కుర్రాడు టైపు చేసి, ఈల వేసిన పిమ్మట బస్తా పడినది అని చదివాడు. ఔనా అన్నాడు. పిల్నమ్ తల ఊపింది. ఆ గంటలో సముద్రం ఎండిపోయిందని చదివినా తల ఊపేదే. బల్ల మీద ఎవరో పెట్టిన దల్సున్ చేతి తొడుగులు నీళ్లు కారుతున్నాయి. వాటిని ఎక్కడ ఆరెయ్యాలా అని ఆలోచిస్తోంది.

రెండు మూడు వారాల తర్వాత కార్మిక శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. పోలీసుల కాగితం చదివి వినిపించాడు.

"అట్లా కాదు బాబూ," అంది పిల్నమ్. "దల్సున్ దాటేటప్పుడు ఈల లేదు."

"పోలీసులకు ఉందని చెప్పారే."

"ఉంది. కానీ లేదు."

ఆయన కలం కింద పెట్టాడు. "అమ్మా, ఉందా, లేదా? ఏదో ఒకటి చెప్పండి."

బస్తా పడ్డాక వచ్చిందని చెప్పడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. చెప్పాక ఆయన అడిగిందే తర్వాత అందరూ అడిగారు. పడిపోయాక ఈల ఎందుకేస్తాడు?

ఇంట్లో మొగుడు చాంగ్‌బే కూడా అదే అడిగాడు. జీవితమంతా పడవ ఇంజను పక్కన గడిపి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఏదైనా అరిచి చెప్పాలి.

"ఈల లేదా?"

"ఉంది! తర్వాత!"

"తర్వాతేస్తే ఏం లాభం?"

"లాభం కోసం కాదయ్యా! అరిచాడు. నోట్లో ఈల ఉంది కదా, అరుపు ఈలై వచ్చింది!"

చాంగ్‌బే చాలాసేపు ఆమె పెదాల వంకే చూశాడు. "అట్లా చెప్తే ఎవరు నమ్ముతారే? మొదట ఏం చెప్పావో అదే చెప్పు. లేకపోతే ఇంకేం చెప్పకు."

షెడ్డులో ఆడవాళ్లందరూ ఈల విన్నారు. ముందా వెనకా అంటే ఎవరికీ తెలియదు. లోపల రేడియో మోగుతోంది, తలలు వంచుకుని ఉన్నారు, బస్తాల చప్పుడు ఎవరు లెక్కపెడతారు? వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. అక్కడ ఒక కెమెరా కూడా ఉంది. అది త్రాసు వంక చూస్తుంది, రేవు వంక కాదు. క్రేను కింద కంచె కట్టనందుకు యజమానికి జరిమానా పడింది, డబ్బు కట్టేసి చేతులు దులుపుకున్నాడు. మేస్త్రీ మీద కేసు మాత్రం ఈల ముందా వెనకా అన్నదాని మీద, అంటే పిల్నమ్ నోటి మీద ఆగింది.

ప్రభుత్వం తరఫు వకీలు ఒక ఆడమనిషి. కాలు మీద కాలేసుకోకుండా, పిల్నమ్ ఎదురుగా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"పిల్నమ్ గారూ, మీరు నిజమే చెబుతున్నారని నా నమ్మకం. కానీ జడ్జి చూసేది ఒకటే, ఇల్గ్వాన్‌సంగ్. మాటలో నిలకడ."

"నాకు నిలకడ లేదా అమ్మా?" అంది పిల్నమ్, దెబ్బ తిన్నట్టు.

"మీకని కాదు. మీ మాటకి. ఆ పదానికి అర్థం ఒకే దారం అన్నిట్లోంచీ గుచ్చుకుని పోవడం. మొదటి రోజు చెప్పింది, ఇవాళ చెప్పేది, కోర్టులో చెప్పబోయేది, అన్నీ ఒకే దారానికి ఉండాలి. ఒక్క పూస పక్కకి పోయినా వాళ్ల లాయరు దాన్నే పట్టుకుంటాడు."

దారానికి గుచ్చడం పిల్నమ్‌కు కొత్త కాదు. ఎండాకాలం ముందు ఆల్చిప్పల విత్తనం, అంటే నీళ్లలోని పిల్ల చిప్పలు, అంటుకోవడానికి ఖాళీ చిప్పలకు బెజ్జాలు చేసి తీగకు గుచ్చే పని ఆమెదే. చిప్ప చిప్పకూ బెజ్జం ఒకేచోట పడదు. తీగ లాగి బిగిస్తే కొన్ని పగులుతాయి. ఆ మాట వకీలమ్మకు చెబుదామనుకుని, ఏమనుకుంటుందోనని ఊరుకుంది.

దల్సున్ కూతురు సొల్హీ బూసాన్‌లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. కేసు మొదలయ్యాక సెలవు పెట్టి వచ్చి తల్లి ఇంట్లో ఉంటోంది. రోజూ సాయంత్రం ఎండు చిలకడదుంపల జావ గిన్నెలో పోసుకుని పిల్నమ్ ఇంటికి వచ్చేది. జావ తల్లి కాచినట్టు రాలేదని తనే వంక పెట్టేది. పిల్నమ్‌కు కాస్త పలచనైనట్టే అనిపించేది, అయినా బాగుందనే అనేది.

ఒక సాయంత్రం ఆ పిల్ల గిన్నె పక్కన పెట్టి అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ చివర్లో ఏమైనా అందా? భయపడిందా?"

పిల్నమ్ తల ఎత్తింది. ఎదురుగా ఆ పిల్ల ముఖం దల్సున్ ముఖమే, ఏడవకుండా బిగపట్టుకున్న దల్సున్ ముఖం.

"లేదమ్మా. భయమెక్కడిది? వెనక్కి తిరిగి నన్ను చూసింది. నవ్వింది కూడా."

"నవ్విందా?"

"కెటిల్ ఇట్లా ఎత్తి చూపించి నవ్వింది."

సొల్హీ అప్పుడు ఏడ్చింది. చాలాకాలం తర్వాత కరువుతీరా ఏడ్చినట్టుంది, తర్వాత జావ మొత్తం తాగేసింది. ఆ రోజు పిల్నమ్ తను చేయగలిగిన మంచిపని ఒకటి చేశాననుకుంది. నవ్వింది అని నోరు పలికిన క్షణంలోనే దల్సున్ నవ్వు కళ్లకు కట్టింది కూడా. ముందుపళ్ల సందు, చలికి ఎర్రబడ్డ బుగ్గలు. అంత స్పష్టంగా కనబడింది చూడనిదెలా అవుతుంది?

సొల్హీ ఆ మాట వకీలమ్మతో అంది. వకీలమ్మ లేచి నిలబడినంత పని చేసింది. "వెనక్కి తిరిగిందంటే ఆగిందన్నమాట. ఆగి తీరిగ్గా నవ్విందంటే అప్పటికి ఈల లేనట్టే. ఈల వింటే ఆగి పైకి చూసేది, వెనక్కి తిరిగి నవ్వేది కాదు. ఇది ముఖ్యం, పిల్నమ్ గారూ. ఇంతకుముందెందుకు చెప్పలేదు?"

"అడగలేదు," అంది పిల్నమ్, నేల చూపులు చూస్తూ.

అప్పటినుంచి ఆ నవ్వు కేసులో ఒక సాక్ష్యమైంది. కోర్టు రోజు దగ్గరపడేకొద్దీ సొల్హీ ఆమెతో వల్లె వేయించేది. గుమ్మంలోకి వచ్చాను. వీపు కనబడింది. వెనక్కి తిరిగి నవ్వింది. బస్తా పడింది. అప్పుడు ఈల వచ్చింది. పిల్నమ్ అంట్లు తోముతూ అదే చెప్పుకునేది, నడుస్తూ అదే చెప్పుకునేది. ఒకరోజు చాంగ్‌బే అన్నం తింటూ ఆమె పెదాలు చూసి, తనే మొత్తం వరసగా అప్పజెప్పాడు. ఒక్క మాట తప్పలేదు. పిల్నమ్ చేతిలో చెంచా ఆగిపోయింది. అక్కడ లేని మనిషి కూడా ఇంత బాగా చెప్పగలిగితే, తను చెప్పేది చూసిందా, నేర్చుకుందా?

ఆ తర్వాత ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నా దల్సున్ నవ్వుతూనే కనబడింది. ఒట్టి వీపు కోసం ఎంత వెతికినా దొరకలేదు.

కోర్టులో ముందు తక్ మాట్లాడాడు. బాగా చిక్కిపోయాడు, మెడ దగ్గర చొక్కా వదులైంది. "ఈల వేశాను. కింద ఎవరూ లేరని చూసుకున్నాను. లివరు లాగాను. అప్పుడు ఆమె అడ్డంగా వచ్చింది." పోలీసుల దగ్గరా ఈ మాటలే, కార్మిక శాఖ దగ్గరా ఈ మాటలే, ఇదే వరస. చివర గుటక వేసే చోటు కూడా అదే అయి ఉంటుంది. వకీలమ్మ ఎటునుంచి ఎలా అడిగినా మళ్లీ ఆ మాటలకే వచ్చాడు. ప్రమాణం చేసి చెబుతున్న మనిషిలా కాక, జ్వరంలో ఒకటే మాట పలవరించే మనిషిలా ఉన్నాడని పిల్నమ్‌కు అనిపించింది.

ఆమె వంతు వచ్చింది. మొదట్లో బాగానే నడిచింది. వల్లె వేసినట్టే చెప్పింది. తర్వాత మేస్త్రీ తరఫు లాయరు లేచాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, సొంత తల్లితో మాట్లాడుతున్నట్టే ఉన్నాడు.

"సాక్షిగారూ, మీకు కష్టంగా ఉంటే నీళ్లు తాగండి. ఈల వేసిన పిమ్మట బస్తా పడినది. ఇది మీరు చెప్పిందేనా?"

"వాళ్లు రాసింది. నేను తల ఊపాను."

"తర్వాత దాటేటప్పుడు ఈల లేదన్నారు. ఆ తర్వాత, పడ్డాక వచ్చిందన్నారు. మొత్తానికి మీరు ఈల విన్నారు?"

"విన్నాను."

"సరే, అదలా ఉంచండి. చనిపోయినావిడ వెనక్కి తిరిగి నవ్వారన్నారు. ప్రమాదం జరిగిన రోజు మాత్రం 'వెనకనుంచే, వీపే కనబడింది' అన్నారు. ముఖం చూశారా, చూడలేదా?"

వకీలమ్మ ఆమె వంక చూడకుండా కాగితాలు సర్దుతోంది. జనం కూర్చునే చోట మొదటి వరసలో సొల్హీ ఒళ్లో చేతులు ముడుచుకుని, కాస్త ముందుకు వంగి కూర్చుంది. చూశానని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది, ఎన్నోసార్లు పలికి నునుపెక్కిన మాట.

"సాక్షిగారూ?"

"వీపు చూశాను," అంది పిల్నమ్. "ముఖం... ముఖం చూశానో లేదో నాకు తెలీదు బాబూ."

"తెలీదా?"

"ఇప్పుడు కనబడుతోంది. ఆ రోజు కనబడిందో లేదో తెలీదు."

"అంటే ఇది తర్వాత చేర్చుకున్నది కావచ్చు."

"కావచ్చు."

"మరి ఈల విషయం కూడా అలాగే తర్వాత చేర్చుకున్నది కావచ్చు కదా?"

"కాదు! అది కాదు," అంది పిల్నమ్ గబగబా. గొంతు పెద్దదైంది, తనకే కొత్తగా వినిపించింది. "నవ్వు తెలీదు. ఈల తెలుసు. అది తర్వాతే. అరిచాడు బాబూ, పాపం, నోట్లో ఈల పెట్టుకుని అరిచాడు."

లాయరు ఇంకేమీ అడగలేదు. థాంక్స్ చెప్పి కూర్చున్నాడు. అతను తల వంచి నమస్కారం పెడితే పిల్నమ్ కూడా అలవాటు కొద్దీ వంగి నమస్కారం పెట్టింది. పక్క బల్ల దగ్గర తక్ ముఖం రెండు చేతుల్లో దాచుకుని ఉన్నాడు.

తీర్పు కొన్ని వారాల తర్వాత వచ్చింది. జడ్జి మెల్లగా చదివాడు. ఏకైక ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం ముఖ్యమైన విషయాల్లో పదేపదే మారినది, నిలకడ లోపించినది. నిందితుని వాంగ్మూలం మొదటినుంచి చివరివరకు నిలకడగా ఉన్నది. సందేహ లాభం ఇవ్వక తప్పదు. అబద్ధం చెప్పావని పిల్నమ్‌ను ఎవరూ అనలేదు. పెద్ద వయసు, స్నేహితురాలు పోయిన దుఃఖం, జ్ఞాపకం చెదరడం సహజం అని సానుభూతిగా కూడా ఒక వాక్యం ఉంది. అబద్ధాలకోరు అని తిట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేదేమో.

బయట మెట్ల మీద సొల్హీ ఆమెను ఆపింది.

"ఎందుకట్లా చెప్పావు పెద్దమ్మా? అన్నిసార్లు అన్నావు. ఇంకొక్కసారి అనలేకపోయావా?"

"అబద్ధమేమో అనిపించిందమ్మా."

"మరి నాకు చెప్పినప్పుడు అనిపించలేదా?"

పిల్నమ్ మెట్ల పక్క కడ్డీ పట్టుకుంది. నీ ముఖం చూసి అన్నాను అనాలా? నీకోసం అన్నాను అంటే ఆ నవ్వు పూర్తిగా పోతుంది. నిజంగా నవ్విందని మళ్లీ అంటే ఇప్పుడే కోర్టులో అన్నదేమిటి? ఎటు చూసినా ఆ పిల్లకు ఇవ్వడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు.

"అమ్మ నన్ను చూడకుండానే పోయింది. కనీసం నిన్నయినా చూసిందనుకున్నాను," అని సొల్హీ మెట్లు దిగింది.

ఆ వారమే ఇల్లు ఖాళీ చేసి బూసాన్ వెళ్లిపోయింది. బస్సు దగ్గరికి పిల్నమ్ వెళ్లింది. పిలవలేదు, అయినా వెళ్లింది. ఒక సంచీ మోస్తానంటే సొల్హీ వద్దనలేదు. తల్లి ఫొటో మాత్రం తన ఒళ్లోనే పెట్టుకుంది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తల వంచి నమస్కారం పెట్టింది, పరాయి పెద్దవాళ్లకు పెట్టినట్టు.

వేసవంతా పని లేదు. తీగలకు చిప్పలు గుచ్చే చోట కూడా, ఈసారికి మనుషులు సరిపోయారన్నారు. సరిపోలేదని పిల్నమ్‌కు తెలుసు. కోర్టుకెక్కిన మనిషిని పనిలో పెట్టుకోవడానికి ఎవరికైనా జంకే. ఆకులు రాలడం మొదలయ్యాక పక్క రేవు షెడ్డుకు వెళ్లి అడిగింది. కబురు చేస్తామన్నారు, చేయలేదు.

ఒక సాయంత్రం తక్ గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"రేపట్నుంచి రా అక్కా. చేతులు చాలట్లేదు. ఓనరుతో నేనే చెప్పాను."

పిల్నమ్ గేటు గడియ పట్టుకుని నిలబడింది. అతను వెళ్లడు. ఏదో అడగాలనే వచ్చాడు.

"నేను ఈల వేశాను కదక్కా," అన్నాడు చివరికి. "నువ్వూ విన్నావు కదా."

కపటమేమైనా కనబడుతుందేమోనని ఆమె అతని ముఖంలోకి వెతికినట్టు చూసింది. ఏమీ కనబడలేదు. ఆ మాటలు అన్నిసార్లు చెప్పి చెప్పి అతనికి ఇప్పుడు ఈల ముందే మోగుతోంది. తనకు దల్సున్ నవ్వు ఎలా కనబడుతోందో అతనికి ఆ ఈల అలాగే వినబడుతోంది. ఇక అతన్ని ఎవరేం అడుగుతారు? ఏమని అడుగుతారు?

"విన్నాను," అంది పిల్నమ్.

"అదే మరి," అన్నాడు తక్. ఊపిరి పీల్చుకున్నాడు. "అదే నేనూ అంటున్నది. ఉంటానక్కా. చలిగా ఉంది, లోపలికి పో."

లోపల చాంగ్‌బే టీవీ ముందు కూర్చున్నాడు. "ఏమంటాడు?"

"పనికి రమ్మంటున్నాడు!"

"వెళ్తావా?"

"వెళ్లక?"

ఆ మాట అతనికి వినబడలేదు. పిల్నమ్ మళ్లీ చెప్పలేదు. పెరట్లోకి పోయి, తిరగేసి ఉన్న రబ్బరు బూట్లు తీసి, లోపల సాలీళ్లు ఉన్నాయేమోనని నేలకేసి కొట్టి చూసింది.

షెడ్డులో దల్సున్ నిలబడే చోట ఇప్పుడు లాన్ అని ఒక వియత్నాం అమ్మాయి ఉంది. ఊళ్లో పడవ నడిపేవాడిని పెళ్లి చేసుకుని వచ్చింది, భాష ఇంకా పూర్తిగా రాలేదు. మొదటి వారం పిల్నమ్ చేతుల వంక చూస్తూ పని నేర్చుకుంది. రెండో వారం ధైర్యం వచ్చి అడిగింది.

"అక్కా, ఇక్కడ ఒకావిడ చచ్చిపోయింది అంట. నువ్వు చూశావు అంట. ఎట్లా?"

ఎదురు బల్ల ఆడవాళ్ల కత్తులు నెమ్మదించాయి. ఎవరూ తల ఎత్తలేదు. పిల్నమ్ నోట్లో వరస తనంతట తనే కదిలింది. గుమ్మంలోకి వచ్చాను. వీపు కనబడింది. తర్వాతిది నాలుక దాకా వచ్చి ఆగింది. అది ఉంచాలో తీసెయ్యాలో ఆమెకు తెలియలేదు. అది తీసేస్తే తక్కినవి నిలబడతాయో లేదో అదీ తెలియలేదు.

"కాఫీకి వేడినీళ్లు తెస్తానని వెళ్లింది," అంది.

"తర్వాత?"

"అంతే."

లాన్ అర్థం కానట్టు చూసి, తనకు భాష రాకే మిగతాది తెలియలేదనుకుంది కాబోలు, సరే సరే అని తల ఊపింది. ఎవరో రేడియో గొంతు పెంచారు. పిల్నమ్ ఇంకో చిప్ప అందుకుంది.